కప్పు అన్నం ఎన్ని గ్రాములు? ఇంట్లోనే లెక్క తేల్చుకునే పద్ధతి

డైట్ యాప్‌లో 'తెల్లన్నం, 1 కప్పు' అని నొక్కితే చాలాసార్లు 158 గ్రాములు అని వస్తుంది. అదే సైజు కప్పుతో మన ఇంట్లో సోనా మసూరి అన్నం తీసి కాటా మీద పెడితే 175 చూపించవచ్చు. గరిటెతో కాస్త అదిమితే 200 దాటిపోతుంది. ఇందులో యాప్ తప్పూ లేదు, కాటా తప్పూ లేదు. 158 అనేది అమెరికా వ్యవసాయ శాఖ పోషకాల పట్టికలో పొడుగు గింజ అన్నానికి రాసిన అంకె. అదే పట్టికలో మధ్యరకం గింజ అన్నానికి కప్పు 186 గ్రాములని ఉంటుంది. పొడుగు గింజల మధ్య గాలి ఎక్కువ, పొట్టి గింజలు ఒకదానికొకటి అంటుకుని దగ్గరగా సర్దుకుంటాయి. అంత తేడా అక్కడే వచ్చేస్తుంది.

కాబట్టి ఎవరి పట్టికో నమ్ముకునే కంటే మన వంటింటి అంకె మనం తేల్చుకోవడం మేలు. ఒక పూట వంట చేసుకుంటూనే తేల్చేయవచ్చు. అయితే ఇందులో రెండు లెక్కలున్నాయి. మొదటిది, ఇన్ని కప్పుల అన్నం ఎన్ని గ్రాములు అన్నది. రెండోది, ఆ అన్నం ఎన్ని గ్రాముల బియ్యంతో వచ్చింది అన్నది. చాలామంది మొదటి దానితో ఆగిపోతారు. షుగర్ కోసమో, బరువు తగ్గడానికో, పదిమందికి వండటానికో కొలుస్తున్నవారికి నిజంగా పనికొచ్చేది రెండోదే.

ముందు కాటా సంగతి

వంటింటికి 5 కిలోల వరకు తూగే, 1 గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా చాలు. బంగారం తూచేంత సూక్ష్మమైనది అక్కర్లేదు. దాని మీద 'టేర్' లేదా 'జీరో' అనే బటన్ ఉంటుంది. ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే గిన్నె బరువు పోయి సున్నా చూపిస్తుంది, ఆ తర్వాత వేసిన దాని బరువే కనిపిస్తుంది.

కాటా సరిగ్గా ఉందో లేదో చూడాలంటే విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. కవరు బరువుతో కలిపి వెయ్యికి నాలుగైదు గ్రాములు పైన చూపిస్తే బాగున్నట్టే. 950 అనో 1,060 అనో వస్తే బ్యాటరీ మార్చి, చదునైన గట్టు మీద పెట్టి మళ్లీ చూడండి. మెత్తటి గుడ్డ మీదో, ఎగుడుదిగుడు బండ మీదో పెడితే ఏ కాటా అయినా తప్పు చెబుతుంది. కుక్కర్‌లోంచి తీసిన వేడి గిన్నెను నేరుగా దాని మీద పెట్టకండి. కింద ఒక చెక్క పలక వేసి, టేర్ చేసి, ఆ తర్వాత పెట్టండి.

మీ కప్పులో ఎంత పడుతుందో తేల్చండి

'కప్పు' అంటే ఒకే కొలత కాదు. అమెరికా వంటల్లో కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, వాళ్ల పోషకాల లేబుళ్ల మీద 240. ఆస్ట్రేలియా వంటల్లో 250. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో ఇచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావాటిలో 180 మాత్రమే, అది జపాన్ బియ్యపు కొలత. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రెసిపీలో కప్పు ఒకటి, కుక్కర్ కప్పు ఇంకొకటి. రెండింటికీ నాలుగో వంతు తేడా.

ఇక మన స్టీలు గ్లాసులు, గిన్నెలకు కొలత రాసి ఉండదు. దానికి నీళ్లే సాయం. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము తూగుతాయి. గిన్నె కాటా మీద పెట్టి, టేర్ చేసి, అంచు వరకు నీళ్లు పోయండి. 210 చూపిస్తే అది 210 మిల్లీలీటర్ల గిన్నె. ఈ అంకెను మార్కర్‌తో గిన్నె అడుగున రాసిపెట్టుకోండి.

ఔన్సులతో పనిపడేవారికి ఒక హెచ్చరిక. అమెరికాలో కప్పు అంటే 8 ఔన్సులు అంటారు, కానీ అవి ద్రవాన్ని కొలిచే ఔన్సులు. బరువు ఔన్సు 28.35 గ్రాములు. కప్పు అన్నం 8 ఔన్సులు, అంటే 227 గ్రాములు తూగుతుందనుకుంటే లెక్క తప్పుతుంది. 158 గ్రాముల అన్నం బరువులో అయిదున్నర ఔన్సులే.

ఎలా నింపాలి

అసలు గొడవంతా ఇక్కడే. ఒకే గిన్నెను ఇద్దరు నింపితే రెండు బరువులు వస్తాయి. ఒకరు అన్నాన్ని హస్తంతో (అన్నం వడ్డించే గరిటెతో) తీసి పొడిపొడిగా వేస్తారు, ఇంకొకరు గిన్నెతోనే కుక్కర్‌లోంచి తోడి, పైన గోపురంలా పెట్టి, చేత్తో నొక్కుతారు. పొడిగా నింపినదానికీ నొక్కినదానికీ పావు వంతు తేడా రావడం మామూలే. గోపురం కలిస్తే ఇంకా పెరుగుతుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకుని దానికే కట్టుబడండి. నేను చెప్పేది ఇది. స్టవ్ కట్టేశాక మూత తీయకుండా పది నిమిషాలు ఉంచండి. తర్వాత మూత తీసి, అడుగు అన్నం పైకి, పై అన్నం కిందికి వచ్చేలా హస్తంతో నెమ్మదిగా కలపండి. అడుగున చెమ్మ ఎక్కువ, పైన తక్కువ. కలపకుండా పైపైన తీస్తే బరువు తక్కువ చూపిస్తుంది. పొగలు కాస్త తగ్గాక హస్తంతో తీసి గిన్నెలో జారవిడవండి, నొక్కవద్దు, గిన్నెను తట్టవద్దు. అంచు దాటిన అన్నాన్ని చాకు వెనక వైపుతో అడ్డంగా గీసేయండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం గడ్డలు గడ్డలుగా ఉంటుంది. దాన్ని అలాగే కప్పులో వేస్తే గడ్డల మధ్య ఖాళీలు మిగిలి బరువు తక్కువ వస్తుంది. చేత్తో విడదీశాకే కొలవాలి. అసలు ఫ్రిజ్ అన్నానికి కప్పు మానేసి కాటానే వాడమంటాను.

తూకం, భాగహారం

పైన చెప్పినట్టు నింపి తూచండి, ఖాళీ చేసి మళ్లీ నింపి తూచండి, మూడోసారి కూడా. ఉదాహరణకు 210 మిల్లీలీటర్ల గిన్నెలో మూడుసార్లు 151, 158, 148 వచ్చాయనుకుందాం. సగటు 152. మూడింటిలో ఒకటి మిగతావాటికి ఇరవై ముప్పై గ్రాములు దూరంగా ఉంటే నింపడంలో తేడా జరిగినట్టు, అది వదిలేసి ఇంకోసారి తూచండి.

ఇప్పుడు 152ను 210తో భాగిస్తే దాదాపు 0.725 వస్తుంది. అంటే మీ ఇంటి అన్నం ఒక మిల్లీలీటరుకు ముప్పావు గ్రాముకు కొంచెం తక్కువ. ఈ ఒక్క అంకె దొరికితే ఏ పాత్రకైనా మార్చుకోవచ్చు:

- 180 మి.లీ. రైస్ కుక్కర్ కప్పు: 180 × 0.725 = సుమారు 130 గ్రాములు
- 240 మి.లీ. కప్పు: 174 గ్రాములు
- 250 మి.లీ. కప్పు: 181 గ్రాములు

వెనక్కి రావాలంటే భాగించాలి. రెసిపీలో 300 గ్రాముల అన్నం అని ఉంటే 300 ÷ 0.725 = 414 మిల్లీలీటర్లు, అంటే 210 గిన్నెతో రెండు గిన్నెలు, కొంచెం వెలితిగా.

పొడిపొడిగా వండిన బాస్మతికి ఈ అంకె 0.65 దగ్గర్లో, మెత్తగా వండిన మసూరికి 0.8 దగ్గర్లో ఉంటుంది. మరీ ముద్దగా వండి పప్పుగుత్తితో మెదిపిన పసిపిల్లల అన్నానికి గాలి దాదాపు ఉండదు కాబట్టి 1కి చేరుతుంది. ముడిబియ్యపు అన్నం బరువైనది, 240 కప్పుకు దాదాపు 200 గ్రాములు.

ఒక జాగ్రత్త: గిన్నెలో తేల్చిన అంకెతో పెద్ద డేగిసాను లెక్కకట్టకండి. లోతైన పాత్రలో పై అన్నం బరువుకి కింది అన్నం అణిగిపోతుంది, అదే కొలతలో ఎక్కువ బరువు పడుతుంది. పెద్ద పాత్రలను నేరుగా తూచాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్క: ఒదుగు

రెండు ఇళ్లలో 200 గ్రాముల అన్నం పళ్లెంలో ఉందనుకోండి. ఒక ఇంట్లో మెతుకు మెతుకు విడిపోయేలా వండారు, ఇంకో ఇంట్లో పెద్దవాళ్ల కోసం మెత్తగా వండారు. కాటాకు రెండూ ఒకటే. కానీ మెత్తటి అన్నంలో నీళ్లు ఎక్కువ, బియ్యం తక్కువ. మనకు శక్తినిచ్చేదీ, షుగర్ పెంచేదీ బియ్యమే తప్ప నీళ్లు కాదు. అందుకే అన్నం బరువు ఒక్కటే తెలిస్తే సగమే తెలిసినట్టు.

మిగతా సగం తెలియాలంటే ఒదుగు తేల్చాలి, అంటే బియ్యం వండాక ఎన్ని రెట్లు తూగింది అన్నది.

బియ్యాన్ని కడగకముందే, పొడిగా ఉన్నప్పుడు తూచండి. కడిగి నానబెట్టాక తూస్తే పీల్చుకున్న నీళ్లు కూడా బియ్యం ఖాతాలో పడి లెక్కంతా చెడుతుంది. 300 గ్రాములు తీసుకున్నారనుకుందాం. వండే గిన్నెను ఖాళీగా, మూత లేకుండా తూచి రాసుకోండి, 420 గ్రాములు అనుకుందాం. ఎప్పటిలాగే వండండి, కొలుస్తున్నాం కదా అని నీళ్లు మార్చవద్దు. అయ్యాక అన్నంతో సహా గిన్నెను తూచండి, అడుగున తడి ఉంటే తుడిచి. 1,230 వచ్చిందంటే అన్నం 810 గ్రాములు. 810 ÷ 300 = 2.7. ఇదే మీ ఒదుగు.

కచ్చితత్వంలో కప్పులు, గ్లాసులు దీని దరిదాపుల్లోకి రావు. పైగా ఒక్కసారి చేస్తే నెలల తరబడి వాడుకోవచ్చు.

లెక్క సరిచూసుకోవడానికో చిట్కా. పోసిన నీళ్లను కూడా తూచి ఉంటే, బియ్యం, నీళ్లు కలిపిన బరువు కంటే అన్నం బరువు ఎప్పుడూ తక్కువే ఉండాలి. తగ్గినదంతా ఆవిరిగా పోయిన నీళ్లు. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో టేర్ చేయడం మరిచిపోయారు, లేదా బియ్యం కడిగిన నీళ్లు పూర్తిగా వంచలేదు.

మన ఇళ్లలో ఒకటికి రెండు నీళ్లు పోసి కుక్కర్‌లో పెట్టే అన్నం 2.7 నుంచి 3 మధ్యలో పడుతుంటుంది. పొడి అన్నం 2.5 దగ్గర ఆగవచ్చు, మెత్తటిది 3.2 దాటవచ్చు. పాత బియ్యం నీళ్లు ఎక్కువ లాగుతాయి, అందుకే పాత బియ్యం ఒదుగుతాయని పెద్దవాళ్లు వెతికి మరీ కొంటారు. కొత్త బియ్యానికి అన్ని నీళ్లు పోస్తే ముద్దవుతుంది.

అత్తెసరు పెట్టినా, కుక్కర్‌లో వండినా ఆవిరైనవి పోగా మిగతా నీళ్లన్నీ అన్నంలోనే ఉంటాయి కాబట్టి ఈ లెక్క నిక్కచ్చిగా సరిపోతుంది. గంజి వార్చే ఇళ్లలో గంజితో పాటు బియ్యపు పిండి కొంత బయటికి పోతుంది. ఒదుగు తేల్చే పద్ధతి మారదు కానీ, లెక్కలో వచ్చిన బియ్యం కంటే కంచంలో అసలు చేరింది కొద్దిగా తక్కువ అని గుర్తుంచుకోండి.

పళ్లెంలో అన్నం నుంచి బియ్యానికి, బియ్యం నుంచి కేలరీలకు

పళ్లెంలో పెట్టుకున్న అన్నం బరువును ఒదుగుతో భాగిస్తే బియ్యం బరువు వస్తుంది. 180 గ్రాముల అన్నం, ఒదుగు 2.7 అయితే 180 ÷ 2.7 = సుమారు 67 గ్రాముల బియ్యం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో సుమారు 356 కేలరీలు, 78 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఆ లెక్కన 67 గ్రాములకు దాదాపు 238 కేలరీలు, 52 గ్రాముల పిండిపదార్థాలు. యాప్‌లలో అన్నానికి 100 గ్రాములకు 130 కేలరీలు అని ఉంటుంది కదా, దాని ప్రకారం 180 గ్రాములకు 234. రెండూ దాదాపు కలిశాయి, ఎందుకంటే ఆ 130 అనే అంకె వెనక ఉన్న ఒదుగు కూడా 2.7 చుట్టుపక్కలే. మీ ఇంటి ఒదుగు 3.2 అయితే మాత్రం 100 గ్రాముల అన్నానికి 111 కేలరీలే. అప్పుడు యాప్ మీకు ఎక్కువ చూపిస్తుంది.

షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు. భోజనానికి 60 గ్రాముల పిండిపదార్థాలు అన్నం నుంచి తీసుకోమని డాక్టరో డైటీషియనో చెప్పారనుకుందాం. దానికి 77 గ్రాముల బియ్యం కావాలి. ఒదుగు 2.7 ఉన్న ఇంట్లో అది 208 గ్రాముల అన్నం, 3.2 ఉన్న ఇంట్లో 246. దాదాపు 40 గ్రాముల తేడా, అంటే ఒక చిన్న హస్తం అన్నం. డోసు మార్చుకోవడం మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. బియ్యం ప్యాకెట్ మీద ఉండే కేలరీలు పొడి బియ్యానివి. 200 గ్రాముల అన్నం తూచి, యాప్‌లో ప్యాకెట్ బార్‌కోడ్ స్కాన్ చేసి 200 అని కొడితే 700 పైచిలుకు కేలరీలు చూపిస్తుంది. అసలు తిన్నది 260 చుట్టూ. "రెండు ముద్దలకే ఇంతా!" అని అనవసరంగా టెన్షన్ పడేవారు ఒకసారి ఇది సరిచూసుకోవాలి.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల ఆహారానికి రోజుకు 250 గ్రాముల ధాన్యాలు అని ఉంది. అది పచ్చి బరువు. 250 గ్రాముల అన్నం అనుకుని ఒక పూటకే సరిపెట్టుకునేవారున్నారు. నిజానికి అంతా అన్నంగానే తింటే 2.7 ఒదుగుతో 675 గ్రాములవుతుంది. ఉదయం ఇడ్లీలోని రవ్వ, రాత్రి చపాతీ పిండి కూడా ఆ 250లోనే లెక్క అని మరవకండి.

చాలామందికి వండేటప్పుడు

బడి భోజనం లెక్క తీసుకుందాం. మధ్యాహ్న భోజన పథకం నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నత తరగతుల వారికి 150 గ్రాములు. 2.7 ఒదుగుతో చిన్న పిల్లల పళ్లెంలో 270 గ్రాముల అన్నం, పెద్ద పిల్లల పళ్లెంలో 405 గ్రాములు పడాలి. మన 210 మిల్లీలీటర్ల గిన్నెతో, గిన్నెకు 152 గ్రాముల చొప్పున, చిన్నవాళ్లకు దాదాపు గిన్నె ముప్పావు అవుతుంది. పెద్దవాళ్లకు రెండు గిన్నెల ముప్పావుకు కాస్త తక్కువ.

60 మంది చిన్న పిల్లలకు 6 కిలోల బియ్యం, 16 కిలోలకు పైగా అన్నం. వడ్డించేవారు పిల్లలందరికీ కాటా పెట్టలేరు. మొదటి రోజు ఒక హస్తం నిండా అన్నం తూచి చూసుకుంటే, 135 గ్రాములు వస్తే రెండు హస్తాలు ఒక పళ్లెం అని తెలిసిపోతుంది. ఇంట్లో శుభకార్యానికి వండేవారికీ ఇదే పద్ధతి. ఒకటే తేడా, విందులో పులిహోర, గారెలు, పాయసం ఉంటే తెల్లన్నం వాడకం తగ్గుతుంది, మనిషికి ఎంత పెట్టుకోవాలో వంట చేసేవారి అనుభవం చెబుతుంది.

కాటా లేకపోతే

కిలో బియ్యం ప్యాకెట్ తెచ్చి మీ స్టీలు గ్లాసుతో కొలవండి. అయిదు గ్లాసులు వచ్చిందంటే గ్లాసుకు 200 గ్రాముల బియ్యం. రెండు గ్లాసులు వండితే 400 గ్రాములు. అయిన అన్నాన్ని రోజూ తినే గిన్నెతో, పైన చెప్పినట్టు నొక్కకుండా, మొత్తం కొలవండి. ఏడు గిన్నెలు వచ్చాయనుకుందాం. 400 ÷ 7 = గిన్నెకు 57 గ్రాముల బియ్యం, అంటే దాదాపు 203 కేలరీలు, 45 గ్రాముల పిండిపదార్థాలు.

అన్నం ఎన్ని గ్రాములు అన్న మాటే ఇందులో రాలేదు, చూశారా? మధ్యలో మెట్టు దాటేసి నేరుగా బియ్యానికి వెళ్లిపోయాం. కేలరీలు, షుగర్ కోసం కొలిచేవారికి ఇదే చాలు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఫోన్‌లో చెప్పి చేయించాలంటే కూడా ఇంతకంటే సులువైనది లేదు.

కలిపిన అన్నం, మిగిలిన అన్నం

పులిహోర, పెరుగన్నం, సాంబారన్నం కలిపాక కొలిచి లాభం లేదు. పెరుగన్నం గిన్నెలో సగం పెరుగు, పాలు, నీళ్లే కావచ్చు. కలపకముందు అన్నాన్ని తూచి, కలిపాక మొత్తం తూచి, ఎన్నో వంతు తిన్నారో చూసుకోండి. 400 గ్రాముల అన్నంతో 700 గ్రాముల పెరుగన్నం అయ్యి, అందులో 350 తింటే మీరు తిన్నది 200 గ్రాముల అన్నం. చద్దన్నానికి కూడా అంతే. రాత్రి నీళ్లు పోయకముందు తూచిన అంకె రాసుకోండి, పొద్దున తూస్తే నీళ్ల బరువే ఎక్కువ కనబడుతుంది.

ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడి చేసిన అన్నం కొంత తేమ పోగొట్టుకుని తేలికవుతుంది. అందులోని బియ్యం మాత్రం తగ్గదు. కాబట్టి వండినరోజే తూచి, డబ్బా మూత మీద బరువు రాసి పెట్టేస్తే తర్వాత గొడవ ఉండదు. కొలతల కోసం అన్నాన్ని గంటల తరబడి గట్టు మీద వదిలేయకండి. వండిన అన్నంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గది వేడిలో పెరుగుతుంది, అది చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

ఒదుగును మళ్లీ ఎప్పుడు తేల్చాలి? కొత్త బస్తా విప్పినప్పుడు, బియ్యం రకం మారినప్పుడు, కుక్కర్ మారినప్పుడు, ఇంట్లో వండే మనిషి మారినప్పుడు. ఈ చివరిదాని వల్లే తేడా ఎక్కువ వస్తుంది. ఒకరు వేలి గీత చూసి నీళ్లు పోస్తారు, ఇంకొకరు గ్లాసు లెక్కన పోస్తారు. ఇద్దరి ఒదుగులూ వేర్వేరుగా రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించుకుంటే సరిపోతుంది.